మక్ సూ బావిలో సీసం

రుస్నీకి ఊళ్ళో "పెట్టె రుస్నీ" అన్న పేరు పడి రెండు నెలలైంది. అంతకుముందు ఆమె పడవల సందులు పూడ్చే సమాయే రెండో కూతురు, ఇంటింటికీ తిరిగి దోమల తొట్లు చూసే ఆరోగ్య కార్యకర్త, అంతకుమించి ఏమీ కాదు. మనిషికి పేరు రావడం మంచిదే. కాకపోతే పేరుతోపాటు మెడ కూడా కాస్త బిగుసుకుంటుంది. రుస్నీకీ బిగుసుకుంది, దాచడమెందుకు.

సముద్రపు ఒడ్డున ఉన్న తమ ఊరు కువాలా పాసీలో పిల్లల రక్తంలో సీసం ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉందని పోయినేడు తేలింది. ఎక్కణ్ణుంచి వస్తోందో అంతుపట్టక, ముందు బావులు చూద్దామని విశ్వవిద్యాలయం నుంచి ఆచాన్, అంటే ప్రొఫెసర్, రచనీ వచ్చి ఆ పెట్టెను రుస్నీ చేతిలో పెట్టింది. అరచేతిలో ఇమిడేంత పెట్టె. దాని మూతికి సన్నటి పట్టీ ఒకటి తగిలించి, ఆ పట్టీ కొసను చిన్న గాజు బుడ్డిలో పోసిన బావినీళ్ళలో ముంచాలి. రెండు నిమిషాలపాటు నీళ్ళలోని సీసం వచ్చి ఆ కొసకు అంటుకుంటుంది. తర్వాత పెట్టె దాన్ని వదిలించేస్తుంది. వదిలేటప్పుడు పుట్టే కరెంటు ఫోను తెరమీద గీతగా నడుస్తుంది. సీసం లేకపోతే గీత చదునుగా పోతుంది, ఉంటే మధ్యలో గూని లేస్తుంది. పక్కనే అంకె పడుతుంది. పది దాటితే ఆ నీళ్ళు తాగకూడదు.

"రోజూ మొదటి పట్టీ ఈ సీలు వేసిన సీసాలో నీళ్ళకి వాడండి," అంది ఆచాన్. "వీటిలో ఏమీ ఉండదు. గీత చదునుగా వచ్చాకే బావుల దగ్గరికి వెళ్ళాలి. ఇంకోటి, బుడ్డి తుడవడానికి నేనిచ్చిన కాగితాలే వాడండి. ఇంట్లో గుడ్డలు వద్దు."

"ఏమీ లేని నీళ్ళలో ఏముందో చూడ్డానికి ఒక పట్టీ దండగ కదా ఆచాన్?"

"దండగ కాదమ్మా. అది మన చేతులకి పెట్టుకునే పరీక్ష."

రుస్నీ తలూపింది. మంచి మాట వింటే తలూపడం ఆమెకు మొదట్నుంచీ అలవాటు.

మొదటి రోజు ఆచాన్ పక్కనే ఉంది కాబట్టి సీసా నీళ్ళ పరీక్ష జరిగింది. పడమటి వరస పదహారు బావులూ చూశారు. పదహారింటికీ గీత చాప పరిచినట్టు చదునుగా వచ్చింది. సాయంత్రానికి ఆచాన్ తన ఊరికి వెళ్ళిపోయింది, తుడిచే కాగితాలూ అయిపోయాయి. రుస్నీ శుభ్రం మనిషి, ఒకటి చాలినచోట నాలుగు వాడింది మరి.

మర్నాడు తూర్పు వరసకు బయల్దేరుతూ ఆమె నాన్న పనిచేసే పాకలోకి వెళ్ళి, కొక్కేనికి వేలాడుతున్న దూది కండెలోంచి గుప్పెడు లాక్కుంది. పడవ పలకల సందుల్లో కూరే దూది అది. అంత తెల్లటిది, అంత మెత్తటిది ఊళ్ళో ఇంకోటి లేదు. సమాయే దాన్ని కొనేటప్పుడు వెలుతురుకు పట్టి చూసి, నలక కనిపిస్తే తిప్పి పంపేస్తాడు. పడవలో చుక్క నీరు నిలవనివ్వని దూది బుడ్డిలో నిలవనిస్తుందా అనుకుంది రుస్నీ. సందులు పూడ్చేవాడి కూతురికి తప్ప ఇంకెవరికీ రాని ఆలోచన. ఆ కొక్కెం కిందే సెన్ డబ్బా ఉంటుంది. సెన్ అంటే దూదినీ నూనెనూ కలిపి పిసికేటప్పుడు వేసే ఎర్రపొడి. తాతల నాటి నుంచీ వేస్తున్నారు. ఊళ్ళో అందరికీ అది సెన్నే, అదేమిటని ఎవరూ అడగలేదు.

సీసా నీళ్ళ పరీక్ష ఆ రోజు మానేసింది. పట్టీలు తక్కువున్నాయి, ఒక్కో పట్టీ ఒక ఇంటి నీళ్ళు, దండగ చేయడం పాపం అనుకుంది. పాపపుణ్యాల లెక్క తప్పుగా వేసేవాళ్ళలో సోమరులకంటే బుద్ధిమంతులే ఎక్కువ.

తూర్పు వరసలో మొదటి బావికి ముప్ఫై ఒకటి వచ్చింది. రెండోదానికి నలభై నాలుగు. రుస్నీ ఆ అంకెను రెండుసార్లు పైకి చదివింది. అందులో భయం సగమైతే, నిజం చెప్పాలంటే, సంబరం సగం. వెతుకుతున్నది దొరికినప్పటి సంబరం. ఏడో ఇంటికి వచ్చేసరికి చేతిలో దూది నలిగిపోయింది. కండె ముడి దగ్గర్నుంచి లాగిన కొత్త పింజ తీసి బుడ్డి తుడిచింది.

ఏడో ఇల్లు మక్ సూ లీమోది. మక్ సూ అంటే చిన్నమ్మ. ఎవరికి చిన్నమ్మో ఇప్పుడెవరికీ గుర్తులేదు, ఊరందరికీ మక్ సూయే. మొగుడు సముద్రంలో పోయిన ఇరవై ఏళ్ళుగా పెరట్లో కుంపటి పెట్టుకుని, సీసం కరిగించి, వలలకు కట్టే గుండ్లు పోస్తోంది. సమాయేకీ ఆమెకూ ఎదురుపడితే చాలు, ఒకటే మేలమాడుకోవడం. "నువ్వు ముంచేదానివి, నేను తేల్చేవాణ్ణి," అంటాడు ఆయన. "నువ్వు తేల్చినవాడికి చేప కావాలంటే నా గుమ్మం ఎక్కాల్సిందేగా," అంటుంది ఆమె.

ఆ రోజు మక్ సూ రుస్నీకి వేడి చేప అప్పడాలు పెట్టి, పెట్టెలోకి తొంగి చూసింది.

"ఎంతొచ్చిందే?"

"యాభై రెండు."

"పాస్ అయినట్టా, ఫెయిల్ అయినట్టా?"

"పది దాటకూడదు మక్ సూ."

ముసలామె నవ్వు ఆగిపోయింది. కుంపటి వైపు చూసి, మళ్ళీ బావి వైపు చూసింది. "నా సీసం కుంపట్లోంచి అచ్చులోకి పోద్ది, అచ్చులోంచి బుట్టలోకి. ఒక్క గుండు తగ్గినా నాకు తెలుసుద్ది. బావిలోకెందుకు పోద్దే?"

"పెట్టె అబద్ధం చెప్పదు మక్ సూ."

ఆ మాట అన్నప్పుడు తన గొంతులో ఆచాన్ గొంతు పలికినట్టు రుస్నీకి అనిపించింది. అది ఆమెకు నచ్చింది కూడా.

ఆ సాయంత్రం టీ కొట్టు ముందు గ్రామపెద్ద దోలో కాగితం మీద గీసుకున్నాడు. పడమటి వరసలో ఏమీ లేదు. తూర్పు వరస ఏడింటిలోనూ ఉంది. అందరికంటే ఎక్కువ మక్ సూ బావిలో. ఇక ఆలోచించేదేముంది? మర్నాటికి నీళ్ళు తోడొద్దని ఏడు బావుల గిలకలకూ ఎర్రగుడ్డలు కట్టారు. కుంపటి, అచ్చులు, మిగిలిన సీసం ముద్దలు బండిలో వేసుకుని పోయారు. మక్ సూ గుమ్మంలో నిలబడి చూసింది గానీ అడ్డుపడలేదు. "నా సీసం నా పెరడు దాటదు," అని ఒక్కసారి అంది. బండి మలుపు తిరిగిపోయింది.

తర్వాత రెండు నెలలూ ఊరు ఊరిలాగే ప్రవర్తించింది. తల్లులు పిల్లల్ని ఆమె ఇంటి మలుపు తిరగనివ్వలేదు. వల కట్టే మాయే అనేవాడు టీ కొట్టులో కూచుని, "మక్ సూ గుండ్లు కట్టిన వల వేస్తే చేపలు దిగులుతోనే చచ్చి వస్తాయంట," అని నవ్వించాడు. మక్ సూ రొయ్యలు ఒలిచే షెడ్డులో కూలికి కుదిరింది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, వేళ్ళు పగిలి రక్తం కారుతుంటే గుడ్డ చుట్టుకుని ఒలిచేది. రుస్నీ దారిలో కనబడితే మాత్రం ఎప్పటిలాగే, "తిన్నావా అమ్మాయ్?" అని అడిగేది. రుస్నీ తిన్నానని చెప్పి గబగబా నడిచేది. అప్పటికి తను తప్పు చేసినట్టు రుస్నీకే తెలియదు. తెలియకపోయినా కాళ్ళు ఎందుకు పరిగెత్తేవో మరి.

ఉపవాసాల నెల చివరి వారంలో ఆచాన్ నుంచి మెసేజ్ వచ్చింది. "రిపోర్ట్ రాస్తున్నాను. మొదటి రోజుది నా దగ్గరుంది. రెండో రోజు పొద్దున సీసా నీళ్ళకి వచ్చిన గీత పంపండి."

రుస్నీ దగ్గర అది లేదు. లేదని రాయడానికి సిగ్గేసింది. ఇప్పుడొకటి తీసి, ఆ రోజుదే అని పంపేస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంది. నమాజు అయ్యాక వరండాలో చాప వేసుకుని, సీలు తీసి, పాకలోంచి తెచ్చుకున్న కండె దూదితో బుడ్డి తుడిచి, ఏమీ లేని నీళ్ళు పోసి, పట్టీ ముంచింది.

గీత చదునుగా వస్తూ వస్తూ, మధ్యలో గూని లేచింది. ఇరవై తొమ్మిది.

సీసా పాడైందేమో అనుకుని రెండోది తెరిచింది. ఈసారి తొందరలో బుడ్డిని దూదితో తుడవలేదు, ఆ నీళ్ళతోనే నాలుగుసార్లు తొలిచి పోసింది. గీత చదును. మళ్ళీ దూదితో తుడిచి పోసింది. గూని. దూది కండెను వెలుతురుకు పట్టి చూసింది, నాన్న చూసినట్టే. తెల్లగా ఉంది. ముడి దగ్గర మాత్రం, చూడాలని చూస్తే తప్ప కనబడనంత, నారింజరంగు మసక.

పాకలోకి వెళ్ళి గోటి కొనతో సెన్ తీసి ఇంకో బుడ్డి నీళ్ళలో కలిపింది. గీత లేచి తెర దాటి పోయింది. అంకె బదులు, కొలవలేనంత ఎక్కువ అని పడింది.

రుస్నీ అక్కడే దుంగ మీద కూలబడింది. మక్ సూ బావిలో యాభై రెండు లేదు. అసలేమీ లేదు. ఆ యాభై రెండూ తన గుప్పిట్లోంచి వెళ్ళినవే. పిల్లల రక్తంలో సీసం ఎక్కణ్ణుంచి వస్తోందని ఊరంతా బావుల్లోకి తొంగిచూస్తుంటే, అది ఆరు తరాలుగా తమ పాకలో మూత లేని డబ్బాలో ఉంది. అక్క కూతురు నాదియా, నాలుగేళ్ళది, అదే పాకలో తాత పక్కన కూచుని ఎర్రటి చేతులతో దూది పేనుతోంది.

"నాదియా, ఇలా రా. చేతులు కడుక్కో."

"ఎందుకు?"

"బట్టలు పాడవుతాయి."

ఆ పిల్ల చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగింది. ఆ రోజు నుంచి పాకలోకి రానివ్వలేదు. తన ఇంటి పిల్లను కాపాడుకుంది గానీ, ఎందుకో ఎవరికీ చెప్పలేదు, తండ్రికి కూడా. తర్వాత్తర్వాత తలుచుకున్నప్పుడల్లా ఆమెకు అన్నిటికంటే ఎక్కువ సిగ్గేసేది దీనికే.

చెబుదామనే అనుకుంది, అన్యాయంగా మాట్లాడకూడదు. మర్నాడు కొత్త కాగితాల ప్యాకెట్ కొనుక్కుని తూర్పు వరసకు వెళ్ళింది. ముందు నీళ్ళు బాగున్నాయని చూపించి, ఆ వెంటనే తప్పు తనదని చెప్పాలని దారి పొడవునా మాటలు పేర్చుకుంది. ఆమెను చూసి జనం పోగయ్యారు. దోలో కూడా వచ్చాడు. మొదటి బావి చదును. రెండోది చదును. ఏడోదీ చదునే.

రుస్నీ నోరు తెరిచింది. "ఇది అసలు..."

"చూశారా," అన్నాడు దోలో జనం వైపు తిరిగి. "కుంపటి తీయించిన రెండు నెలలకే బావులు కడిగినట్టయ్యాయి. ఈ అమ్మాయి లేకపోతే మన పిల్లలు ఇంకా ఆ విషమే తాగుతుండేవాళ్ళు."

ఒకామె రుస్నీ చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది. ఇంకొకామె, "నీ కడుపు చల్లగా," అంది. తెరిచిన నోరు అలాగే కాసేపు ఉండి, మెల్లగా మూతబడింది. ఆమె అబద్ధమాడలేదు. ఎవరో ఆడిన అబద్ధాన్ని తన ఒంటిమీద కప్పనిచ్చింది, పండగ శాలువా కప్పించుకున్నట్టు. మక్ సూ గుమ్మంలో నిలబడి ఇదంతా చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. తన బావిని తనే మొదటిసారి చూస్తున్నట్టు చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆచాన్‌కు రుస్నీ ఏ గీతా పంపలేదు. ఫోను మోగితే ఉలిక్కిపడేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తుడిచే కాగితం ముక్క కనబడితే చాలు, ఆమె చెయ్యి దాక్కున్నట్టు జేబులోకి పోయేది. రోజా ఉపవాసంలో ఆకలి వేయలేదు, ఉపవాసం విడిచాక కూడా వేయలేదు.

ఉపవాసాల నెల ముగిసి వచ్చే రాయా పండగ పొద్దున నమాజయ్యాక ఊరంతా కొత్తబట్టల్లో ఒకరింటికొకరు వెళ్ళడం మొదలైంది. ఆ రోజు పెద్దా చిన్నా లేదు. ఎదుటివాళ్ళ రెండు చేతులూ పట్టుకుని, "పైకి చేసిందీ, లోపల అనుకున్నదీ, రెండూ మన్నించు," అనాలి. అవతలివాళ్ళు, "మన్నించాను, నువ్వూ మన్నించు," అంటారు. ఏడాది పొడవునా ఎంత నమిలిమింగినా ఆ ఒక్క పూట అందరూ ఆ మాట అనేస్తారు, సగంమంది పళ్ళెంలోని తూపట్ అన్నం పొట్లాలకేసి చూస్తూ అంటారు.

మక్ సూ పది గంటల వేళ వచ్చింది. పాత నీలం చీటీ కుర్తా, ఇస్త్రీ చేసిన తలగుడ్డ, చేతిలో ఆకులో చుట్టిన ముక్కోణపు తూపట్ల గిన్నె. వేళ్ళకు రొయ్యల గాట్లు ఇంకా మానలేదు. సమాయే ఎదురెళ్ళాడు.

"రా లీమో. ముంచేదానివి పండగ పూట తేలుతూ వచ్చావే," అన్నాడు పాత అలవాటుకొద్దీ. అనేశాక నాలుక కరుచుకున్నాడు.

మక్ సూ నవ్వలేదు. నేరుగా రుస్నీ దగ్గరికి వచ్చి కూచుని, ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

"ఆరిళ్ళకీ వెళ్ళొచ్చానే. మా వరసంతా. చివరికి నీ దగ్గరికి వచ్చా. ఆ రోజు నువ్వు చెబితే నమ్మలేదు. నీ మీద లోపల్లోపల చాలా అనుకున్నా, నోటితో చెప్పలేని మాటలు కూడా అనుకున్నా. కుంపటి తీశాక నీళ్ళు బాగుపడ్డాయి, కళ్ళారా చూశా. అంటే నేనేగా చేసింది. ఇరవై ఏళ్ళు పక్కింటి పసిపిల్లలకి విషం పోశా, తెలీకుండా." ఆమె రుస్నీ చేతులు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. "మూడిళ్ళ అవతల పిల్లాడు బళ్ళో చదువు ఎక్కట్లేదంటారే, వాడి తల్లి కాళ్ళ దగ్గర కూచున్నా ఇందాక. మన్నించానంది. ఆ పిల్లకి మనసు పెద్దది. నువ్వు కూడా పైకి చేసిందీ, లోపల అనుకున్నదీ, రెండూ మన్నించమ్మా."

రుస్నీకి నేల విచ్చుకుంటే దూరిపోదామనిపించింది. "మన్నించాను" అని ఒక్క మాట అంటే చాలు. పండగ పూట ఊళ్ళో ప్రతి నోటా నలుగుతున్న మాటే. దాంతో అంతా ముగిసిపోతుంది. తను అనకపోతే ఈ మనిషి చచ్చేదాకా ఆ పిల్లాడి తల్లి కాళ్ళ దగ్గరే కూచుంటుంది, అన్నా అక్కడే కూచుంటుంది. గాట్లు పడ్డ ఆ వేళ్ళు తన వేళ్ళను పట్టుకునే ఉన్నాయి.

"నేను అనలేను మక్ సూ," అంది.

ముసలామె కళ్ళు వాల్చుకుంది. "అంత కోపమా?"

"కాదు. నీ బావిలో ఎప్పుడూ ఏమీ లేదు. ఆ సీసం నా చేతిలోది." ఒకసారి మొదలయ్యాక మాట ఆగలేదు. కాగితాలు అయిపోవడం, దూది, మానేసిన పరీక్ష, వరండాలో లేచిన గూని, తెర దాటి పోయిన ఎర్రపొడి గీత, అన్నీ చెప్పింది. "పోయిన వారమే తెలిసింది. ఆ రోజు అందరి ముందూ చెప్పాల్సింది. దోలో నన్ను పొగుడుతుంటే ఊరుకున్నా. నోరు మూసుకుని ఊరుకున్నా మక్ సూ."

సమాయే తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు. పండగకని నిన్న గంటసేపు రుద్ది కడిగిన చేతులు, గోళ్ళ మొదళ్ళలో ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"నా దూదా?" అన్నాడు.

"నీ దూది కాదు అబా," అంది రుస్నీ తండ్రితో. "సెన్. సెన్ కూడా సీసమే."

"మా నాన్న నోటితో తడిచేసి పేనేవాడే దాన్ని," అన్నాడు ఆయన, ఎవరితోనూ అని కాదు. రుస్నీ వైపు తిరిగి, "పిల్లని పాకలోకి రావొద్దన్నది అందుకా?" అన్నాడు. రుస్నీ తలూపింది. ఆయన ముఖం తిప్పుకున్నాడు.

మక్ సూ తన చేతులు వెనక్కి తీసుకుంది. తిడుతుందని, కొడుతుందని రుస్నీ ఎదురుచూసింది. కొడితే బాగుండునని కూడా అనుకుంది. ముసలామె తూపట్ల గిన్నె మూత సరిచేసి లేచి నిలబడింది.

"చెప్పులేసుకో."

"ఎక్కడికి?"

"ఏ గుమ్మంలో నేను తల వంచానో ఆ గుమ్మానికి. ఆరిటికీ. నేను చెబితే ముసలిది కట్టుకథ చెబుతోందంటారు. నువ్వు చెప్పు. నేను పక్కన నిలబడతా."

రుస్నీ చెప్పులేసుకుంది. నాదియా కొత్త పరికిణీ ఎగరేసుకుంటూ వెంటపడితే ఎవరూ వద్దనలేదు.

మొదటి ఇంటామెకు విషయం తలకెక్కడానికి చాలాసేపు పట్టింది. "అయితే పొద్దున నేను మన్నించానన్నది ఇప్పుడు వెనక్కి తీసుకోవాలా?" అని అడిగింది. రెండో ఇంట్లో మాయే, ఆ చేపల మేలమాడినవాడు, చేతిలో కేకు ముక్క పట్టుకుని తినకుండా, పారేయకుండా అలాగే నిలబడ్డాడు. మూడో ఇంట్లో ఆ చదువెక్కని పిల్లాడి తల్లి. ఆమె రుస్నీని చూడలేదు, మక్ సూనే చూసింది. "మీరు నా కాళ్ళ దగ్గర కూచున్నారు," అంది ఏడుస్తూ. "నేను కూచోనిచ్చాను." తర్వాత రుస్నీ వైపు తిరిగి, "మరి మా వాడి ఒంట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చింది?" అని అడిగింది. వాడి తండ్రి పడవల రేవులో సమాయే దగ్గరే పనిచేస్తాడు. పని బట్టలతోనే ఇంటికొచ్చి పిల్లాణ్ణి ఎత్తుకుంటాడు. అది చెప్పడం రుస్నీకి అన్నిటికంటే కష్టమైంది.

నాలుగోది దోలో ఇల్లు. ఇంటినిండా చుట్టాలు. ఆయన రుస్నీని పక్కకు తీసుకెళ్ళబోయాడు. "పండగ పూట ఇవన్నీ ఎందుకమ్మా. తర్వాత మెల్లగా మాట్లాడుకుందాం."

"నా కుంపటి బండెక్కించినప్పుడు తర్వాత అనలేదుగా దోలో," అంది మక్ సూ. "చెప్పవే రుస్నీ, గట్టిగా చెప్పు. వెనకాల వాళ్ళక్కూడా వినపడాలి."

రుస్నీ చెప్పింది. ప్రతి గుమ్మంలోనూ మాటలు తగ్గిపోతాయనుకుంది, సిగ్గు అరిగిపోతుందనుకుంది. అరగలేదు. ఒక్కో గుమ్మంలో ఒక్కోచోట తగిలింది. ఆరో ఇంట్లో ఎవరూ లేరు. అయినా మక్ సూ మెట్ల మీద కూచుంది, వాళ్ళొచ్చేదాకా గంటసేపు ముగ్గురూ ఎండలో కూచున్నారు. ఆ గంటలో రుస్నీ ఫోను తీసి ఆచాన్‌కు రాసింది: "రెండో రోజు సీసా నీళ్ళ పరీక్ష నేను చేయలేదు. తూర్పు బావుల అంకెలు తప్పు, తప్పు నాది. సీసం పడవల ఎర్రపొడిలో ఉంది. దయచేసి త్వరగా రండి." పంపాక ఫోను తిప్పి ఒళ్ళో పెట్టుకుంది. మక్ సూ ఏం రాశావని అడగలేదు.

అన్నీ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. మక్ సూ తన పెరట్లోకి నడిచింది. కుంపటి ఉన్నచోట నల్లటి మచ్చ మిగిలింది. బావి గిలకకు ఎర్రగుడ్డ ఇంకా వేలాడుతూనే ఉంది. నీళ్ళు బాగుపడ్డాయని పండగ చేసుకున్న ఊరు ఆ గుడ్డ విప్పాలని మాత్రం అనుకోలేదు.

రుస్నీ ఆమె ముందు మోకాళ్ళ మీద కూచుంది. "ఏడో గుమ్మం నీది మక్ సూ. పైకి చేసిందీ, లోపల దాచిందీ..."

"ఆగు," అంది మక్ సూ.

గిలకకున్న గుడ్డ ముడి విప్పలేక పళ్ళతో పట్టి లాగింది. గుడ్డను గట్టు మీద పడేసి చేద వేసి తోడింది. "చేతులు పట్టు."

రుస్నీ రెండు చేతులూ చాచింది. బావినీళ్ళు చల్లగా పడ్డాయి. ముసలామె తన పగిలిన వేళ్ళతో ఒక్కో గోరూ పట్టుకుని, కింద ఇంకా రంగు ఇరుక్కుని ఉందన్నట్టు రుద్దింది. నొప్పి పుట్టినా రుస్నీ చేతులు లాక్కోలేదు. తర్వాత నాదియాను దగ్గరికి లాక్కుని ఆ చిన్న చేతులూ అలాగే కడిగింది, వాటికి మాత్రం మెల్లగా. అదే చేదలోంచి దోసెడు నీళ్ళు పట్టి తను గుటకలేసి తాగింది. రెండు నెలల తర్వాత మొదటిసారి.

తర్వాత ముగ్గురికీ నడుమ గిన్నె పెట్టి, మూత తీసి, ఒక తూపట్ ఆకు విప్పి రుస్నీ చేతిలో పెట్టింది.

"మక్ సూ, నువ్వు మన్నించావా లేదా?"

"అది వచ్చే రాయాకి అడుగు," అంది మక్ సూ. "ఇప్పుడు నా దగ్గర అది లేదు. పొద్దున్నుంచీ ఊరందరికీ పంచిపెట్టొచ్చాను. తిను, చల్లారిపోయింది."

రుస్నీ తింది. ఆకుకు అంటుకున్న మెతుకు కూడా వదలకుండా తింది.